గుర్రాలు మార్చిన స్టేజి

మా అవ్వకు ఇంగ్లీషు వచ్చు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. మా ఆవిడైతే నవ్వి లోపలికి వెళ్లిపోతుంది. కానీ వచ్చు. టైము, టికెటు, స్టేజి. ఈ మూడు మాటలతో ఆమె శామీర్‌పేట వారపు అంగడికీ, మేడ్చల్‌కీ, పెళ్లిళ్లకూ పురుళ్లకూ సికింద్రాబాదు దాకా ఒంటరిగా వెళ్లి వచ్చేది. "స్టేజి అనేది దొరల భాష అవ్వా" అని ఒకసారి నేనంటే నన్ను జాలిగా చూసింది.

"దొరలు బస్సుల తిరిగిండ్రా ఏంది? జీపుల తిరిగిండ్రు. స్టేజి మనదే బిడ్డా."

ఆ మాటా నిజమే. మా వైపు బస్సు ఆగే చోటును స్టేజి అనే అంటారు. బస్టాండు వేరు. బస్టాండంటే మేడ్చల్‌లో ఉన్నట్టు ఉండాలి. కప్పు ఉంటుంది, సమోసాలు ఉంటాయి, తప్పిపోయిన బస్సు గురించి తిట్టుకోవడానికి తోడు మనుషులుంటారు. స్టేజికి అవేమీ అక్కర్లేదు. ఊరి మట్టిరోడ్డు వచ్చి పెద్దరోడ్డును ఎక్కడ తాకితే అక్కడ స్టేజి. పక్కన ఏది కనిపిస్తే దాని పేరే దానికీ. బోరింగు స్టేజి, కమాను స్టేజి, ఇటుకబట్టీ స్టేజి. బోరింగు ఎండిపోయినా, బట్టీ కూలిపోయినా పేరు మాత్రం పోదు. బస్సు చార్జీ కూడా ఒక స్టేజి నుంచి ఇంకో స్టేజికే కడతారు. కాబట్టి స్టేజి లేని ఊరంటే టికెటు మీద లేని ఊరు.

మాది అలాంటి ఊరు.

శామీర్‌పేట చెరువు దాటి కరీంనగర్ రోడ్డు మీద కొంత దూరం వెళ్తే కోళ్లఫారం స్టేజి వస్తుంది. ఆ తర్వాత ద్రాక్షతోట స్టేజి. రెండింటికీ నడుమ మా ఊరి దారి. కోళ్లఫారం దగ్గర దిగితే ముక్కు మూసుకుని ముందుకు నడవాలి. ద్రాక్షతోట దగ్గర దిగితే సంచి తెరిచి చూపించి వెనక్కి నడవాలి. తోట కావలివాడికి మా ఊరి సంచుల మీద అంత నమ్మకం. ఎటు దిగినా ఆ తర్వాత మళ్లీ మట్టిరోడ్డు. వానాకాలంలో ఆ రోడ్డు మీద చెప్పు ఊడితే చలికాలంలో దొరికేది. మా చిన్నాయన చెప్పు ఒకటి మొలకెత్తి రెండాకులు కూడా వేసింది. నేను కళ్లారా చూశాను.

మట్టిరోడ్డు పెద్దరోడ్డును కలిసే చోట గుర్తుగా ఉన్నది ఒక్కటే, రాతి తొట్టి. ఒకే బండను మనిషి పొడుగున తొలిచింది. ఎవరు తొలిచారో, ఎప్పుడు తొలిచారో ఊళ్లో ఎవరికీ తెలియదు. లోపల వాన నీళ్లు, నాచు. దారినపోయే మేకలు మూతి పెట్టి, రుచి నచ్చక తుమ్మి పోయేవి. తొట్టి పక్కన మేం చెయ్యెత్తి నిలబడితే బస్సు హారను కొట్టి, దుమ్ము చల్లి, మమ్మల్ని దాటి వెళ్లిపోయేది.

తొంభైల మొదట్లో నాకు ఒక సంబంధం వచ్చింది. అప్పుడు నేను మేడ్చల్‌లో ఒక విత్తనాల దుకాణంలో పనిచేసేవాణ్ని. రోజూ ఊరి నుంచి అడ్డదారిన సైకిలు మీద వెళ్లి వచ్చేవాణ్ని. నా దగ్గర సొరగింజలు కొన్న రైతుకు, ఆ తీగ పట్టుకుని ఒక పిల్లవాడు బడికి వెళ్లి వచ్చాడని చెప్పి పంపేవాణ్ని. గింజలు మళ్లీ మళ్లీ కొనుక్కునేవారు, కథ కోసమో కాయ కోసమో నాకు తెలియదు.

పిల్లది సిద్దిపేట వైపు పల్లె. బాపూ నేనూ పిల్లను చూడ్డానికి వెళ్లాం. చాయ్ వచ్చింది, మురుకులు వచ్చాయి, పిల్ల వచ్చి కూర్చుని తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది. పిల్ల నాయిన భుజం మీది తువ్వాలు తీసి మోకాలి మీద మడిచి పెట్టుకున్నాడు. పొలమెంత అని అడగలేదు. జీతమెంత అని అడగలేదు.

"మీ ఊరికి స్టేజి ఉన్నదా బావా?" అని మా బాపును అడిగాడు.

ఎందుకు అడిగాడో కూడా ఆయనే చెప్పాడు. పెద్దబిడ్డను స్టేజికి దూరంగా ఉన్న ఒక ఊరికి ఇచ్చాడట. బస్సు ఆగే చోటు లేదు. పసిపిల్లను చంకనెత్తుకుని ఎండలో ఆ బిడ్డ నడిచి నడిచి, ఇప్పుడు పండగకు కూడా రావడం మానేసిందట. ఆయన వెళ్లి చూసి రావాలన్నా పూట ప్రయాణం కాస్తా రోజు ప్రయాణం అవుతోందట.

"నా చిన్నబిడ్డకు అమ్మ యాదికొస్తే పొద్దుగాల బస్సెక్కి పగటాల్లకు ఇంట్ల ఉండాలె. గంతే. ఇంకేం అడగ."

బాపు నిజం చెప్పే మనిషి. ఆయన నోరు తెరవడం నేను చూశాను. అప్పటికి నేను పిల్లను కూడా చూసి ఉన్నాను.

"ఉన్నది మామా" అన్నాను. "పాత స్టేజి. నిజాం కాలంల బండ్లకు గుర్రాలు మార్చెటోళ్లు గాడ. గుర్రాలు నీళ్లు తాగిన తొట్టి ఇంకా ఉన్నది."

బాపు చాయ్ ముక్కులోకి పోయింది. పిల్ల నాయిన నన్ను కిందినుంచి మీదికి చూశాడు.

"మామ అంటున్నవు అప్పుడే. మంచిది. గుర్రాలు మార్చుడేంది?"

"ఒక గుర్రం ఎంత దూరమని గుంజుతది మామా? అలసిపోతది గద. దాన్నిడిచి, తాజా గుర్రాన్ని కట్టి పోవుడు. బస్సులు గాడ ఆగుడు అప్పటి సంది ఆనవాయితీ."

తలుపు దగ్గర నుంచి పిల్ల గొంతు వినిపించింది. "ఇడిసిన గుర్రానికి గడ్డి ఎవలు ఏసేటోళ్లు?"

"బిడ్డా!" అన్నాడు నాయిన.

"మా ముత్తాత" అన్నాను నేను.

"గుర్రాల పేర్లు యాదికున్నయా?"

నేను పేర్లు వెతుక్కుంటుంటే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకు అర్థమైపోయింది. నా కథలోని కంతలన్నీ కనిపించినా ఇంకా వినాలనుకునే మనిషి ప్రపంచంలో ఒకరున్నారు. ఆ పిల్ల దక్కకపోతే ఇక నేను ఎవరికి చెప్పుకోవాలి?

పిల్ల నాయిన లేచి నిలబడి చివరి మాట చెప్పాడు. "మిరుగు కార్తె లోపల మీ ఇల్లు చూడనీకి వస్త. బస్సులనే వస్త. బస్సు మీ దారికాడ ఆగితే మాట ఖాయం. ఆగకుంటే గాడినుంచి గట్లనే పోత, మీ ఇంటి గడప గూడ తొక్క. ఏమనుకోకు బావా."

తిరుగు ప్రయాణంలో బాపు కోళ్లఫారం స్టేజిలో దిగి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, ఎండలో కొంత దూరం నడిచాక ఆగాడు.

"గుర్రాలు యాడున్నయిరా? జర ఒకటి పట్టుకరా, ఎక్కిపోదాం."

ఇంట్లో అవ్వ సంగతంతా విని, గుర్రాల దగ్గర నవ్వలేదు, తిట్టలేదు. ఆమెకు అర్థం కానిది వేరే.

"నిలవడితె ఆగదా?"

"మనం నిలవడ్డా ఆగుతలేదు గద అవ్వా."

"యాడ నిలవడ్డరు? బస్సొచ్చినంక ఒకడు ఉరుకుతడు, ఒకడు చెట్టు కింద పండుకుంటడు, ఒకడు బీడి తాగుతడు. మీరు నిలవడుతరని డ్రైవరుకు ఎట్ల ఎరుక? రోజు నిలవడాలె. గా బస్సుకే నిలవడాలె. మనిషి నిలవడ్డ కాడ ఆగకపోతే అది బస్సెట్లైతది, గాలి అయితది."

అలా మొదలైంది. సిద్దిపేట నుంచి పొద్దున వచ్చే ఎర్రబస్సుకు ఊరు ఊరంతా వంతులవారీగా నిలబడింది. పాలవాళ్లు క్యానులతో, పూలు అమ్మేవాళ్లు బుట్టలతో, ఏ పనీ లేనివాళ్లు ఊరికే. "పిలగాని పెండ్లి కోసం నిలవడుతున్నం" అని పొరుగూరికి కూడా తెలిసింది. వాళ్లూ కొందరు వచ్చి మాతోపాటు నిలబడ్డారు. అయినా బస్సు ఆగలేదు. చెయ్యెత్తితే డ్రైవరు కూడా చెయ్యెత్తేవాడు, నాయకుడు జనానికి చెయ్యి ఊపినట్టు.

ఇంతలో ఎండలు ముదిరాయి. చెరువు నుంచి వచ్చినా, సిద్దిపేట నుంచి వచ్చినా మా వైపుకు రోడ్డు ఎక్కుడు. ఆ కాలపు బస్సులు ఎక్కుడు ఎక్కేసరికి రేడియేటరు కాగి పొగలు కక్కేవి. ఒక మధ్యాహ్నం ఆ ఎర్రబస్సే తిరుగు ప్రయాణంలో మా తొట్టికి కాస్త అవతల ఆగిపోయింది, తనంతట తనే. డ్రైవరు డబ్బా పట్టుకుని దిగి నీళ్ల కోసం చూస్తున్నాడు. తొట్టి దగ్గరికి వచ్చి, నాచు చూసి, మేకల్లాగే మొహం పెట్టాడు. అవ్వ అక్కడే ఉంది. ఇంటికి పరుగెత్తి బిందెడు నీళ్లు బండికి, ముంతెడు సల్ల డ్రైవరుకు తెచ్చింది. సల్లంటే ఉప్పు, కరివేపాకు వేసిన మజ్జిగ. డ్రైవరు తాగి మీసం తుడుచుకున్నాడు.

"ఎవలింటి సల్ల అవ్వా గిది?"

"మాదే బిడ్డా. రేపు గూడ ఉంటది. ఎల్లుండి గూడ ఉంటది."

ఆ సాయంత్రమే మా అవ్వ తొట్టి కడిగించింది. కొబ్బరి పీచుతో, బూడిదతో నాతోనే తోమించింది. పెళ్లి ఎవరిదైతే తొట్టి వాళ్లే తోమాలని తీర్పు. పక్క పొలంలోని మోటరు నుంచి పైపు లాగి నిండా నీళ్లు పెట్టాం. తోమితే ఆ రాయి నల్లగా మెరిసింది. దాని అంచున అరిగిన చోట్లు కనిపించాయి, ఎన్నో మూతులు ఆనినట్టుగా. నేను అక్కడే చతికిలపడి కాసేపు చూస్తూ ఉండిపోయాను. నా అబద్ధానికి ఇంత చక్కటి సాక్ష్యం దొరుకుతుందని నేను కూడా అనుకోలేదు.

మరునాటి పొద్దు నుంచి బస్సు ఆగడం మొదలైంది. డ్రైవరు రేడియేటరుకు నీళ్లు పోసేవాడు, అవ్వ మనుషులకు సల్ల పోసేది. కిటికీల్లోంచి చేతులు బయటికి వచ్చేవి. ఆ సందులో మా ఊరివాళ్లు మెల్లగా ఎక్కి కూర్చునేవారు. కండక్టరు ఒప్పుకోలేదు.

"గిది స్టేజి గాదు. పేరు లేని కాడికి టికెటు ఎట్ల కొడతనయ్యా? ఎనుకటి స్టేజి నుంచే ఇస్త. మీకు నష్టం, నాకేం."

"పేరు లేకపోవుడేంది అన్నా?" అన్నాను నేను. "గిది గుర్రాల స్టేజి." ఇంకేముంది, నిజాం గుర్రాలు మళ్లీ బయల్దేరాయి. ఈసారి కాస్త బలిశాయి కూడా. ఒకటి తెల్లది, తొట్టిలో నీళ్లు తాగితే గాని అడుగు ముందుకు వేసేది కాదు. ఒకటి కుంటిది, కానీ గాలి కంటే వేగం.

"కుంటి గుర్రం గాలి కంటే జోరు ఉరుకుతదా?" అన్నాడు కండక్టరు.

"గాలి గూడ ఆ రోజు జర నెమ్మదిగనే ఉండెనట."

కండక్టరు నవ్వాడు, కానీ టికెటు మాత్రం ద్రాక్షతోట స్టేజిదే చించి ఇచ్చాడు. నవ్వు వేరు, రూలు వేరు.

నాకు ఆ నవ్వు చాలనిపించింది. ఎండలు ఇలాగే కాస్తే, బస్సు ఇలాగే కాగితే, పిల్ల నాయిన వచ్చే రోజున మా దారిలో బస్సు ఆగుతుంది. ఆయన ఫలానా రోజు పొద్దున బస్సుకు వస్తున్నట్టు ఆ ఊరి పాలవ్యాపారితో కబురు పెట్టాడు. బాపు శామీర్‌పేట వెళ్లి చెరువు చేపలు పెద్దవి కావాలని చెప్పి వచ్చాడు.

సరిగ్గా ముందు రోజు సాయంత్రం వాన పడింది.

మిరుగు రాకముందే అంత వాన ఎవరూ చూడలేదు. ఊరంతా ముంగిళ్లలోకి వచ్చి తడిశారు, పిల్లలు వడగండ్లు ఏరుకుని నమిలారు. నేను ఒక్కణ్నే గడపలో కూర్చుని ఏడుపు మొహం పెట్టాను. చల్లబడిపోయింది. ఇంజను కాగదు, రేడియేటరుకు నీళ్లు అక్కర్లేదు, బస్సు ఆగదు.

"అందరు వాన కోసం మొక్కుతరు" అన్నాడు బాపు, "నువ్వు ఎండ కోసం మొక్కు. మన ఇంట్ల గదే తక్కువున్నది."

పొద్దున అందరం తొట్టి దగ్గర చేరాం. ఇస్త్రీ బట్టలు, మోకాళ్ల దాకా బురద. గాలి చెరువు మీద నుంచి చల్లగా వస్తోంది. సల్ల తాగే వాతావరణమే కాదు. అయినా అవ్వ కుండ తెచ్చింది. బస్సు కనిపించింది. పొగ లేదు, ఆయాసం లేదు, కొత్త పెళ్లికొడుకులా హుషారుగా వస్తోంది. మేమంతా చేతులెత్తాం. డ్రైవరు కూడా చెయ్యెత్తాడు. తొట్టి దాటిపోయింది. కిటికీలో తువ్వాలు వేసుకున్న మనిషి మొహం ఒక్క క్షణం నాకు కనిపించింది, మెడ తిప్పి మమ్మల్నే చూస్తూ.

అప్పుడు బస్సు లోపలి నుంచి అరుపులు వినిపించాయి.

"సల్ల! సల్ల స్టేజి దాటిపోతున్నవ్, ఆపు!"

"డ్రైవరన్నా, సోయి ఉన్నదా? సల్ల స్టేజి!"

అరిచింది రోజూ ఆ బస్సులో పట్నం పనులకు వెళ్లేవాళ్లు. వాన పడినా, చలి వేసినా, ఆ ముంత సల్ల వాళ్ల పొద్దులో ఒక భాగమైపోయింది. బస్సు కీచుమని ఆగింది. తర్వాత వెనక్కి కూడా వచ్చింది. వెనక్కి రావడం నేను అంతకు ముందు ఏ బస్సులోనూ చూడలేదు, అదీ సిగ్గుపడుతున్నట్టు మెల్లగా.

పిల్ల నాయిన దిగాడు. కుండ చూశాడు, తొట్టి చూశాడు, బురద కాళ్ల జనాన్ని చూశాడు.

"గుర్రాల స్టేజి అంటివి. బస్సుల అందరు సల్ల స్టేజి అంటున్రు?"

"గుర్రాలు పోయినయి మామా. సల్ల మిగిలింది."

ఆయన నవ్వలేదు. జేబులోంచి టికెటు తీసి మా బాపు చేతిలో పెట్టాడు. కోళ్లఫారం స్టేజిది. "కాయితం మీద మీ ఊరు లేదు బావా" అన్నాడు. బాపు తల దించుకున్నాడు. "లేదు బావా. మావోడు నోటితోని కట్టిన స్టేజి గిది."

మామ తొట్టి అంచు మీద చెయ్యి పెట్టి, ఆ అరిగిన చోట్లను బొటనవేలితో రాసి చూశాడు. తర్వాత ముంతెడు సల్ల తాగాడు. ఇంటికి వచ్చాడు. గడప తొక్కుతాడా లేదా అని నేను ఆయన పాదాలనే చూస్తున్నాను. తొక్కాడు. చేపల పులుసు తిన్నాడు, మళ్లీ వేయించుకుని తిన్నాడు. మాట మాత్రం ఖాయం చెయ్యలేదు. చెయ్యి కడుక్కుని అన్నాడు:

"పొద్దుగాల ఊరంత నిలవడ్డది. బస్సుల జనమంత ఒర్లిండ్రు. మంచిదే. నా బిడ్డ వచ్చేటప్పుడు ఊరంత నిలవడుతదా? ఒక్కతే నిలవడుతది. చేతుల సంచి ఉంటది, రేపు సంకల పిల్ల గూడ ఉంటది. ఇప్పుడు నేను ఒక్కన్నే పోయి నిలవడుత. సల్ల వద్దు, ఎవ్వలు రావద్దు."

పొద్దు వాలుతుండగా ఆయన ఒక్కడే రోడ్డు మీదికి వెళ్లాడు. మేం రామని మాట ఇచ్చాం. అందుకే రోడ్డు దాకా వెళ్లలేదు. సీతాఫలం పొదల దాకానే వెళ్లాం. బాపు ఇస్త్రీ ధోవతి పైకెత్తి కట్టి నా పక్కన కూర్చున్నాడు. కూర్చున్నది చీమల పుట్ట మీద అని కాసేపటికి తెలిసింది. అరవడానికి లేదు.

మొదట ఒక ఎక్స్‌ప్రెస్ బస్సు వచ్చింది. మామ చెయ్యెత్తాడు. అది అసలు ఆయన్ని చూడనైనా లేదు. తర్వాత ఒక ఆటో ఆగింది. "శామీర్‌పేటనా పెద్దమనిషి?" మామ వద్దని చెయ్యి ఊపాడు. లారీ ఒకటి నెమ్మదించింది. దాన్నీ పంపించేశాడు. మళ్లీ తువ్వాలు సర్దుకుని, తొట్టి పక్కన, చెయ్యి చాపడానికి సిద్ధంగా నిలబడ్డాడు. దూరం నుంచి చూస్తే ఆయన నాకు ఆయనలా కనిపించలేదు. సంచి పట్టుకుని బస్సు కోసం చూస్తున్న ఆడపిల్లలా కనిపించాడు. నాకు మొదటిసారి నా గుర్రాలను తలుచుకుంటే భయం వేసింది.

"రానియ్యిరా దేవుడా" అన్నాడు బాపు, దేవుడితోనో చీమలతోనో.

ఎర్రబస్సు వచ్చింది. మా పొద్దుటి బస్సు కాదు. డ్రైవరు వేరు, కండక్టరు వేరు. మామ చెయ్యెత్తాడు. బస్సు నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, సరిగ్గా తొట్టి ముందర ఆగింది. కండక్టరు తలుపులోంచి తల బయటపెట్టాడు.

"సల్ల ఏది?"

"సల్ల లేదు. నేను ఒక్కన్నే ఉన్న."

"తొట్టి కాడ ఆపితే సల్ల ఇస్తరని మా డిపోల అందరు అంటున్రు గద! సరె, ఒక్కనివైతేంది, ఎక్కు జల్దీ."

"ఎక్క."

"ఎక్కవా?"

"ఆగుతదా ఆగదా అని చూసిన. ఆగింది. శానా సంతోషం బిడ్డా. ఇగ మీరు పోండ్రి."

ఆ తర్వాత బస్సులోంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయడం కుదరదు. కండక్టరు మొదలుపెట్టాడు, డ్రైవరు అందుకున్నాడు, వెనక సీట్ల వాళ్లు పూర్తి చేశారు. మామ అన్నీ దండలు వేయించుకుంటున్నట్టు నిలబడి విన్నాడు. బస్సు కదిలాక మా పొదల వైపు తిరిగి, మేం అక్కడ ఉన్నట్టు ముందే తెలిసినట్టు, గట్టిగా అరిచాడు.

"బావా! చీమలు కరుస్తలేవా? లేచి రా, ముహూర్తం పెట్టుకుందం!"

సిద్దిపేట వైపు ఆ పూటకు అదే ఆఖరి బస్సు. దాన్ని పంపించేసినందుకు మామ ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయాడు, మిగిలిన పులుసు సంగతి కూడా చూశాడు.

పెళ్లైంది. మా ఆవిడ తన ఇనుప పెట్టెలో చీరలతో పాటు ఒక లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు తెచ్చుకుంది, బడిలో ఆమెకు బహుమతిగా వచ్చింది. వాన పడుతున్న ఒక మధ్యాహ్నం ఆమె దాన్ని తెరిచి చూస్తూ చూస్తూ ఒకచోట ఆగిపోయింది.

"ఇటు రా" అంది. "స్టేజి అంటే ఏందో తెలుసా?"

వేలు పెట్టి చదివి చెప్పింది. ఆ మాట పుట్టింది లాటిన్‌లో. అక్కడ దాని మూలానికి నిలబడటం అని అర్థమట. ఫ్రెంచివాళ్ల నోట్లో పడి మనిషి నిలిచి ఉండే చోటు, ఇల్లు, మేడలో ఒక అంతస్తు అయ్యిందట. ఇంగ్లీషులోకి వచ్చాక నాటకాలవాళ్లు నిలబడే అరుగుకూ అదే పేరు పెట్టారు. దారి మీద ప్రయాణికులు ఆగే మజిలీకీ అదే పేరు, ఒక మజిలీ నుంచి మరో మజిలీకి ఉన్న దూరానికీ అదే పేరు. బస్సులు లేని కాలంలో అక్కడ బండి ఆపి...

ఆమె నా వైపు చూసింది. మళ్లీ పుస్తకంలోకి చూసింది.

"అలసిన గుర్రాలను ఇడిసి తాజా గుర్రాలను కట్టేటోళ్లట."

నా జీవితంలో నేను చెప్పిన కథల్లో ఒక్కటి, ఎక్కడో సముద్రాల అవతల, నేను పుట్టకముందే నిజమై కూర్చుంది. ఆశ్చర్యం దాచుకోవడానికి నేను చాలా కష్టపడ్డాను.

"నేను చెప్పలేదా?" అన్నాను.

"పేర్లు చెప్పలే" అంది.

వసారాలో వత్తులు చేసుకుంటున్న అవ్వకు లాటిన్ సంగతి చెప్పాం. "నిలవడుడు అంటే నిలవడుడే. దానికి గంత లావు పుస్తకం ఎందుకే" అని, వత్తి నలిపింది.

ఆ మధ్యాహ్నమే మేమిద్దరం కూర్చుని గుర్రాలకు పేర్లు పెట్టాం. తెల్లదానికి మల్లె. కుంటిదానికి తుఫాను. గడ్డి ఎక్కువ తినేదానికి మా బాపు పేరు పెడదామంది, నేను ఒప్పుకోలేదు, ఆమె పెట్టేసింది.

రెండువేల సంవత్సరం దాటాక రోడ్డు వెడల్పయింది. తొట్టిని నలుగురు పట్టుకుంటే కదల్లేదు. ఊరంతా పట్టుకుని పక్కకు జరిపాం. బస్సు కోసం రేకుల కప్పు వేశారు. బోర్డు మీద మా ఊరి పేరు రాశారు, టికెటు మీద కూడా వచ్చింది. శామీర్‌పేట వైపు లా కాలేజీ వచ్చాక, సెలవు రోజుల్లో అక్కడి పిల్లలు ఇద్దరు ముగ్గురు ఆటోలో వచ్చి తొట్టి ముందు ఫోటోలు దిగేవారు. ఆటో అబ్బాయి వాళ్లకు కథ చెబుతుంటే ఒకసారి పక్కనే నిలబడి విన్నాను. మల్లె ఉంది, తుఫాను ఉంది, నేను పెట్టని గుర్రాలు ఇంకా కొన్ని చేరాయి. ఒక నవాబు వచ్చి సల్ల తాగి మెచ్చుకుని తన ఉంగరం ఇచ్చాడట. ఆ ఉంగరం మా ఇంట్లోనే ఉందట!

కళ్లద్దాల పిల్లవాడు నా వైపు తిరిగాడు. "దీనికి ప్రూఫ్ ఏమైనా ఉందా అంకుల్?"

"తొట్టి ఉంది కదా బాబూ" అన్నాను. లా చదివే పిల్లవాడే, అయినా తలూపాడు.

ఇక మామ. బిడ్డ పుట్టింటికి వచ్చిపోవడానికి స్టేజి అడిగిన మనిషి, ఆ స్టేజిని బిడ్డ కంటే తానే ఎక్కువ వాడుకున్నాడు. అంగడి రోజు తప్పకుండా దిగేవాడు, చేతి సంచిలో సీతాఫలాలో మక్కజొన్న కంకులో పట్టుకుని. వెళ్లేటప్పుడు మా ఆవిడ స్టేజి దాకా వెళ్లి ఎక్కించేది. తండ్రీ కూతుళ్లు మాటల్లో పడి, వచ్చిన బస్సును పంపించేసి, ఇంకో బస్సు కోసం నిలబడేవారు. కండక్టర్లకు అలవాటైపోయింది. "ఎక్కుతవా, లేకుంటే చూస్తున్నవా?" అని అడిగి మరీ ఆపేవారు.

మా పెళ్లైన రెండో ఎండాకాలం ఆయన మా అవ్వ దగ్గర కూర్చుని, కుండ ఎంతది, సల్లలో ఏమేం వేస్తావు, ఎంత పొద్దున పెట్టాలి అని శ్రద్ధగా అడిగి వెళ్లాడు. ఆ తర్వాత కొన్ని వారాలు మా వైపు రానే లేదు. మేం కంగారుపడుతుంటే ఒక పొద్దున ఎర్రబస్సు ఆగింది. ముందు మామ దిగాడు. ఆయన వెనక, పిల్లను చంకనెత్తుకుని, మేం పెళ్లిలో తప్ప ఎన్నడూ చూడని మా వదిన దిగింది, ఆయన పెద్దబిడ్డ. చెప్పులకు మట్టి అంటలేదు. అక్కాచెల్లెళ్లు తొట్టి దగ్గరే పట్టుకుని ఏడ్చారు, వెంటనే నవ్వారు.

"వదినె ఊరికాడ గూడ ఆగుతదా మామా బస్సు?" అన్నాను.

"ఎందుకాగదు? రోజు నిలవడ్డ. సల్ల పోసిన." మామ తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. "పాత స్టేజి గది. కండక్టరుకు ఎరుక లేకుండె, నేనే చెప్పిన."

"ఏం చెప్పినవు?"

"గాడ ఏనుగులను మార్చెటోళ్లని."